గులాబీలకు పోసిన పెంకులు

కొత్తపేటలో విజయదుర్గ గులాబీలను చూసి కుళ్లుకోని ఇల్లాలు ఆ వీధిలో లేదు. ఆమె నడిపే కర్రీ పాయింటులో రోజూ కోడిగుడ్ల పులుసు ఉండాల్సిందే, ఆ పెంకులన్నీ కుండీల్లో పడాల్సిందే. తణుకు నుంచి వచ్చి ఇన్నేళ్లయినా ఆమె యాస మారలేదు. తనకు తెలియని సంగతి లోకంలో ఉంటుందన్న అనుమానమూ ఆమెకు రాలేదు.

కుండీల పక్కన బోనులో రెండు కౌజు పిట్టలుండేవి, చిట్టి, బుజ్జి. భర్త సాంబమూర్తి ఆఫీసుకు వెళ్లాక ఆమె మాటలు వినేది ఆ రెండే. పిల్లి భయంతో బాల్కనీ లైటు రాత్రంతా వెలిగించి ఉంచేది. నూకలు, జొన్నలు తిని అవి నాగా లేకుండా గుడ్లు పెట్టేవి. ఆమె మురిసిపోయిందే గాని, పెంకులు రానురాను పలచబడి వేలు తగిలితే సొట్ట పడుతున్నాయని పట్టించుకోలేదు. ఆ పెంకులూ గులాబీలకే పోయాయి.

ఎదురింటి కౌసల్యమ్మది నల్లగొండ పక్క పల్లె. ఒకనాడు గుడ్లు చూసి, దినాం పెడ్తయా చెల్లె, జర గూడ ఆగవా అని అడిగింది. ఆ వారమే చిట్టి ఓ మూల ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది. తోక పైకీ కిందికీ ఆడిస్తూ ముక్కింది, ఏమీ రాలేదు. చలేసిందనుకుని విజయదుర్గ బోను మీద గోనె కప్పింది. తెల్లారేసరికి చిట్టి బిగుసుకుపోయి ఉంది. తప్పు ఎదురింటి కళ్లదని తీర్మానించేసి, ఆ రోజు నుంచి కౌసల్యమ్మ కనబడితే మొహం తిప్పుకుంది. పాపం, ఎందుకో ఆ మనిషికి తెలియదు.

ఈ చలికాలం ఒక ఉదయం బుజ్జి గింజ ముట్టలేదు. అదే మూల, అవే ఉబ్బిన ఈకలు, అదే తోక. విజయదుర్గ వంటింట్లోకి పరుగెత్తింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ బోను చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు. ఘాటు రాకపోతే దిష్టి ఖాయమని ఆమె పుట్టింటి నమ్మకం. ఎదురింటి వైపు కసిగా చూసి ఇటు తిరిగేసరికి బుజ్జి కాళ్లు చాపేసి, నోరు తెరిచి రొప్పుతోంది. ఇక దిష్టి మాట మరిచిపోయి, దాన్ని కొంగులో చుట్టుకుని ఎల్బీనగర్‌కు ఆటో ఎక్కింది.

పిట్టల్ని చూసే డాక్టరు రమ్య, బుజ్జి పొట్ట కింద మెల్లగా తడిమి, గుడ్డు ఇరుక్కుందని చెప్పింది. వెచ్చటి తడిగుడ్డ మీద కూర్చోబెట్టి క్యాల్షియం మందు పట్టింది. ఇంట్లో ఎప్పుడూ పొట్ట నొక్కవద్దని, గుడ్డు లోపల పగిలితే పిట్ట దక్కదని, ఉబ్బి కూర్చున్న వెంటనే తీసుకురావాలని హెచ్చరించింది. తిండీ లైటూ సంగతి అడిగితే విజయదుర్గ నూకలు, జొన్నలు, రాత్రంతా వెలిగే లైటు అంటూ గొప్పగా చెప్పుకొచ్చింది.

"రాత్రంతా లైటుంటే పగలే అనుకుని పెడుతూనే ఉంటాయండీ. పెంకుకు కావలసిన సున్నం ఒంట్లోంచి లాక్కుంటాయి. అదీ అయిపోతే గుడ్డును నెట్టే సత్తువ ఉండదు. కాస్త గుడ్డు పెంకులు ఉడకబెట్టి, పొడి చేసి వేయకపోయారా?"

విజయదుర్గకు కుండీలు గుర్తొచ్చాయి. బస్తాల కొద్దీ పెంకులు తన చేత్తోనే మట్టిలో కలిపింది. మధ్యాహ్నానికి గుడ్డు పడింది. పెంకే లేదు, మెత్తగా తిత్తిలా ఉంది. ఈసారికి బతికింది, వచ్చేసారికి మాట ఇవ్వలేనంది డాక్టరు.

సాయంత్రం ఇంటికొచ్చి, పిల్లి దూరకుండా బోనుకు గట్టి జాలీ కట్టి, బాల్కనీ లైటు ఆర్పేసింది. మసక వెలుతురులో గులాబీలు విరగబూసి ఉన్నాయి. ఆమె కుండీ మట్టిలోంచి ఒక పెంకు ముక్క ఏరి చూసింది.

ఎదురు బాల్కనీలోంచి కౌసల్యమ్మ ఉండబట్టలేక పలకరించింది. "దుర్గమ్మా, లైటు బంద్ జేసినవేంది? గా రెండోది గూడ పోయిందా?"

"లేదక్కా, బతికే ఉంది." విజయదుర్గ పిట్టగోడ దగ్గరకు వచ్చింది. "చిట్టిని చంపింది మీ దిష్టి కాదక్కా. నేనే."

తన మీద అంత నింద ఉందని కౌసల్యమ్మకు అప్పటిదాకా తెలియదు. ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.