తిట్టినవాళ్లకు ముందు సీటు

మా పార్కులో జెయింట్ వీల్ తిప్పేవాణ్ని అందరూ గిరగిర అనేవారు. సెలవు రోజున వాడు థీమ్ పార్కుల మీద పాడ్‌కాస్ట్ చేసేవాడు. ఏ రైడ్‌కి క్యూ ఎంత, ఏది ఎక్కితే కడుపులో తిప్పుతుంది, ఎక్కడ చెప్పులు జారిపోతాయి, ఇవీ వాడి కబుర్లు. స్టూడియో అంటే ఇంట్లో బీరువా. తలుపులు తెరిచి, వేలాడే బట్టల్లో మొహం దూర్చి మాట్లాడేవాడు. అలా అయితే గొంతు గుల్లగా రాదట. వెనక మంచం మీద వాళ్లక్క కూర్చునేది. మా పార్కు టికెట్ కౌంటర్లో ఇరవై రెండేళ్లు చేసిన మనిషి. అమ్మ పోయాక, పెళ్లీ పెటాకులూ లేకుండా వీణ్ని పెంచింది ఆవిడే. ఆవిడ కౌంటర్ కథలు చెబుతుంటే షో దానంతటదే నడిచిపోయేది.

వాడికో నియమం ఉంది. ఆ వారం వచ్చిన అన్నిటికన్నా ఘాటైన తిట్టుతోనే ఎపిసోడ్ మొదలవ్వాలి. మొత్తం చదివి, జవాబు చెప్పి, ఆ తర్వాతే రైడ్‌లు. "తిట్టినవాళ్లకి ముందు సీటు" అనేవాడు. ఊళ్లో వాళ్ల మాటలన్నీ నెత్తికెక్కించుకోకురా అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. వింటేగా!

నలభై ఆరో ఎపిసోడ్ తర్వాత ఒక మెయిల్ వచ్చింది. కింద "క్యూలో నాలుగోవాడు" అని సంతకం. "మధ్యలో ఆ గుర్రపు సకిలింపు భరించలేకపోతున్నాం. ఆ నవ్వు ఆపించండి. నమూనా జతచేశాను." వీడు నమూనా తెరవలేదు. తలతిప్పి మంచం వైపు చూశాడు.

"అక్కా, నువ్వు కాస్త వంటింట్లో కూర్చుంటావా? జనం గొడవ చేస్తున్నారు."

ఆవిడ మంచం దిగింది. "అయితే నాకు టికెట్ లేదన్నమాట" అని స్టూలు పట్టుకుని వెళ్లిపోయింది.

అక్కడితో ఆగాడా? వారం రోజులు కూర్చుని పాత ఎపిసోడ్లన్నిట్లోంచీ అక్క మాట్లాడిన చోటల్లా, వినకుండానే, తెర మీద గొంతు గీతలు చూసి, ముక్కలు ముక్కలుగా కత్తిరించేశాడు. కంప్యూటర్లో చోటు లేదని అసలువి కూడా చెరిపేశాడు. "ఇప్పుడు శుభ్రంగా ఉంది" అని జనం మెచ్చుకున్నారు.

ఒకసారి రికార్డింగ్ జరుగుతుండగా నేను వెళ్లాను. ఆవిడ వంటింట్లో దగ్గు బయటికి రాకుండా తువ్వాలు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆ రోజే వాడికి రెండు తగిలించాల్సింది. తగిలించలేదు, ఆ పాపం నాది కూడా. ఆ దగ్గే ముదిరి, వానాకాలంలో ఆవిణ్ని తీసుకుపోయింది.

తర్వాత ఆవిడ గొంతు కోసం ఇల్లంతా వెతికాడు. ఫొటోలున్నాయి. వీడియో తీయబోతే మాట ఆపేసి చెయ్యి అడ్డం పెట్టే మనిషి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

నాలుగు నెలలకి మళ్లీ ఒక తిట్టు వచ్చింది. "ఆ అక్కని ఎందుకు తీసేశారు? మాకు ఆవిడే షో. మీరు ఉత్త క్యూ."

నియమం ప్రకారం జవాబు చెప్పాలి. తప్పంతా ఆ నాలుగోవాడి మీద వేద్దామని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పాత మెయిల్ తీశాడు. మొదటిసారి ఆ నమూనా నొక్కాడు. పదకొండు సెకన్లు.

"ఒకాయన వచ్చి, మా ఆవిడ కళ్లు మూసుకుని ఎక్కుతుంది, సగం టికెట్ ఇవ్వండి అన్నాడ్రా!" అంది అక్క.

వెంటనే సకిలింపు. బట్టలు, బీరువా అదిరిపోయేలా. అది గిరగిర గొంతు. దాని కింద, చాలా మెల్లగా, ఆవిడ: "నెమ్మదిరా నాయనా, వినేవాళ్లకి ఇబ్బంది."

అంతే. ఆవిడ నవ్వు అందులో లేనే లేదు. అక్క వంటింట్లోకి వెళ్లాక వీడికి నవ్వొచ్చే మాట చెప్పేవాళ్లే లేరు, అందుకే షో అంత శుభ్రంగా ఉంది.

నాకు ఏడుపొచ్చింది. వాడు ఏడవలేదు. బట్టల్లో మొహం దూర్చి మైకు పెట్టాడు. తిట్టు మొత్తం చదివాడు. పదకొండు సెకన్లూ వినిపించాడు.

"సకిలించింది నేను. వంటింట్లోకి వెళ్లింది మా అక్క" అన్నాడు.

ఆ వారం రైడ్‌ల గురించి ఏమీ చెప్పలేదు.