నొక్కితే లేని నొప్పి

మా బావకు, అంటే అక్క భర్తకు, కిడ్నీలు పాడయ్యాక వారానికి రెండుసార్లు బందరులో డయాలసిస్. ఇల్లు అవనిగడ్డ పక్కన. నేను ధాన్యం కాటా దగ్గర నిలబడి లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. అందుకని బావ తాగే నీళ్ళు కొలవడం, బరువు చూడడం నా వంతుకు వచ్చాయి. గుండె కూడా లయ తప్పిందన్నారు. మణికట్టు పట్టుకుంటే నాలుగు దెబ్బలు దగ్గరగా పడేవి, తర్వాతది ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. ఏ లెక్కకూ లొంగని ఆ నాడి నన్ను కుదురుగా ఉండనిచ్చేది కాదు.

ఒక డయాలసిస్ మర్నాడు పొద్దున్నే బావ పొట్ట పట్టుకుని మెలికలు తిరిగిపోయాడు. లావు సూదులు గుచ్చినా కిమ్మనని మనిషి.

"రాత్రి పెసరట్టు వద్దంటే విన్నారా?" అంటూ అక్క తమలపాకులకు ఆముదం రాసి, సెగన వేడిచేసి, పొట్టమీద పరిచి గట్టిగా నిమిరింది. మా ఇళ్ళల్లో పొట్టనొప్పికి తీర్పు చెప్పేది ఆ చెయ్యే. "అబ్బా, అక్కడే" అంటే ఆస్పత్రి. లేదంటే గ్యాసు.

"ఇక్కడా?"

"కాదు."

"మరి ఇక్కడ?"

"ఎక్కడ నొక్కినా ఒకటేనే. లోపల, అంతా."

పొట్ట మెత్తగా ఉంది. "గ్యాసే," అంది అక్క.

బరువు చూశాను. ఉండాల్సినంతే ఉంది. నీళ్ళూ మించలేదు. అన్నీ సరిపోయాయి, మూలుగు మాత్రం ఆగలేదు. వీధిలోకి, లోపలికి తిరిగి తిరిగి, చివరికి కారు పిలిపించాను.

"గ్యాసుకి కారెందుకురా?"

"గ్యాసే అయితే బందరు లడ్డు కొనుక్కుని వచ్చేద్దాంలే అక్కా."

ఆస్పత్రిలో డాక్టరమ్మకు శుభవార్తలా చెప్పాను. "నొక్కితే నొప్పి లేదండీ."

ఆవిడ రాస్తున్న కలం ఆగింది. "నొక్కితే లేదు గానీ, ఊరికే ఇంత బాధపడుతున్నారా?"

"అవునండీ."

వెంటనే నాడి పట్టుకున్నారు. "గుండె ఇలా కొట్టుకుంటే లోపల రక్తం గడ్డకట్టొచ్చండీ. ఆ గడ్డ కదిలి పేగుకు రక్తం తెచ్చే నాళంలో ఇరుక్కుంటే, మొదట్లో పొట్ట మెత్తగానే ఉంటుంది. నొప్పి మాత్రం భరించలేరు. డయాలసిస్ వాళ్ళకు నాళాలు ముందే గట్టిపడి ఉంటాయి కూడా. అదేనని నా అనుమానం. పేగు చచ్చిపోకముందే విజయవాడ చేరాలి."

పామర్రు దగ్గర గుడివాడ లారీలు అడ్డం పడితే అంబులెన్సులోంచి దిగి నేనే చేతులూపాను. తిరిగి ఎక్కితే బావ కళ్ళు తెరిచాడు.

"ఏం బావమరిదీ, లెక్క తేలిందా?"

"తేలుతుందిలే, మాట్లాడకు."

విజయవాడలో స్కానింగులో గడ్డ కనబడింది. ఆపరేషన్ చేసి గడ్డ తీశారు, నల్లబడిన పేగు ముక్కనూ కోసేశారు. మిగతాది బతుకుతుందో లేదో చూడాలన్నారు. ఆ చూడడమే కష్టమైంది. నేను వరండాలో కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

రెండోరోజు నర్సు కట్టు మారుస్తూ పక్కన కాస్త నొక్కింది.

"అమ్మో! చెయ్యి తియ్యవే తల్లీ!" అని బావ కేక పెట్టాడు.

"నొక్కితే నొప్పెడుతోందిరా!" అంది అక్క, పండక్కి పిలిచినట్టు.

"పైకోత నొప్పేలెండి. లోపల కూడా బానే ఉందన్నారు డాక్టరుగారు," అంది నర్సు.

నేను బావ మణికట్టు పట్టుకున్నాను. నాలుగు దగ్గరగా పడ్డాయి. తర్వాతదాని కోసం నిలబడ్డాను.