గేటు బయట ఆగిన బ్యాగు

రేపు ఉదయం నేనూ, వేరే ఊళ్లో ఉండే నా స్నేహితురాలు హారికా రాజస్థాన్ బయలుదేరాలి. జైపూర్, జోధ్‌పూర్, ఉదయ్‌పూర్ కోటలన్నీ చూసి రావాలని ఆశ. ఇంట్లోవాళ్లు లేకుండా నా మొదటి ప్రయాణం ఇదే. తీరా టికెట్లు తీసుకున్నాక నాయనమ్మ మెలిక పెట్టింది.

"మంగళవారం ఉత్తరానికి వారశూల, అటు బయలుదేరకూడదు. ఎలా పంపమంటావే?"

ఉపాయమూ తనే చెప్పింది. సోమవారమే సామాను ఇల్లు దాటిస్తే ప్రయాణం ఆ రోజే మొదలైనట్టట, దాన్ని ప్రస్థానం అంటారట. సరేనని ఈ ఉదయం నా బ్యాగు పక్కింటి పిన్నిగారింట్లో పెట్టి వచ్చాను. మధ్యాహ్నం ఆధార్ కార్డు అందులోనే ఉందని గుర్తొచ్చి వెళితే, ఆ ఇంటికి తాళం. ఫోన్ చేశాను.

"రేపల్లెలో మా అమ్మాయింటికొచ్చానమ్మా. నీ బ్యాగునొక్కదాన్నే ఇంట్లో వదల్లేక దాన్ని కూడా తెచ్చేశా. కంగారుపడకు."

బస్సెక్కి రేపల్లె వెళ్లాను. భోజనం పెట్టందే ఆవిడ కదలనివ్వలేదు. సాయంత్రం బ్యాగు లాక్కుంటూ తెనాలి చేరేసరికి నాయనమ్మ గేటుకి అడ్డంగా నిలబడింది.

"నువ్వు రావే. అది మాత్రం రాకూడదు. లోపలికొచ్చిందంటే ప్రస్థానం చెడినట్టే, ఇక రేపు నిన్ను పంపేది లేదు."

"మరి రాత్రికి దీన్నెక్కడ పెట్టను?"

"ఊళ్లో నీకు స్నేహితులే లేరా ఏంటి?"

ఉన్నారనే నమ్మకంతో ఇది రాస్తున్నాను. తెనాలి మిత్రులారా, ఈ రాత్రికి ఒక బ్యాగుకి చోటిస్తారా? తిండి ఖర్చు లేదు. తెల్లారేలోపు మీకు ఊరెళ్లే పని మాత్రం ఉండకూడదు.