మైనస్‌లోకి వెళ్లిన కుళాయి నీళ్లు

మా ఊరి మంచినీళ్ల ట్యాంకు ఆపరేటరు మీద నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. కవిటి చుట్టుపక్కల కిడ్నీ జబ్బు భయంతో అందరం ఆ కుళాయి నీళ్లే తాగుతాం. ఈ వేసవిలో అవి మాటిమాటికీ ఆగిపోయేవి. ఆగిన ప్రతి రోజునూ డైరీలో రాసుకున్నాను. అతను కొబ్బరి తోటలకు నీళ్లు అమ్ముకుంటున్నాడని ఊళ్లో గుసగుసలు.

ట్యాంకుకు ఎన్ని నీళ్లు పంపారో మంచినీటి పథకం వాళ్లు చెప్పారు. కుళాయిల వైపు మీటరు లెక్క దానికి సరిపోకపోతే అతని ఉద్యోగం పోతుంది. టెక్కలిలో ఇంజనీరింగ్ చదివే మా మనవరాలు ఆ మీటరు రోజువారీ రీడింగులను మిల్లీలీటర్లలో యారే అనే ఒక వరుస పట్టికలో పెట్టి, కూడటానికి సి భాషలో ప్రోగ్రాం రాసింది. మొత్తం మైనస్‌లో వచ్చింది.

"సూసావా? మీటరు ఎనక్కి తిప్పీసాడు," అన్నాను.

"అయితే నీళ్లు కుళాయిల్లోంచి ట్యాంకులోకి ఎక్కాయేటి తాతా?" అని నవ్వింది.

రీడింగులన్నీ విడివిడిగా చూశాను. ఒక్కటీ మైనస్ లేదు. కూడిన ప్రతిసారీ మొత్తం చూపించమన్నాను. శ్రీరామనవమి రోజు దగ్గర మైనస్‌లోకి తిరగబడింది. ఆ రోజే ఏదో చేశాడనుకున్నాను. యారేను చివర్నుంచి కూడమన్నాను. తప్పు ఆ రీడింగుదే అయితే మళ్లీ అక్కడే దొరకాలి. దొరకలేదు. వేరే రోజు దగ్గర తిరగబడింది. రెండుసార్లూ మొత్తం రెండు వందల పద్నాలుగు కోట్లు దాటబోతున్నప్పుడే.

"మొత్తాన్ని 'ఇంట్' అనే చిన్న గడిలో పెట్టీసాను. అందులో అంతకన్నా పట్టదు," అంది నాలుక కరుచుకుని. దాన్ని ఇంకా పెద్ద అంకెలు పట్టే 'లాంగ్ లాంగ్'‌గా మార్చింది.

"ఇదీ నిండిపోతే? కూడాక మైనస్ వస్తే ఆపమని రాయి."

"కూడీసాక సూసి లాభం నేదు తాతా. హద్దు దాటాక ఏటొస్తాదో సి భాష పూచీ పడదు. కూడకముందే అడగాలి. హద్దులోంచి ఈ రీడింగు తీసెయ్, మిగిలినదానికన్నా అప్పటిదాకా వచ్చిన మొత్తం పెద్దదైతే కూడకు."

ఆ వరుస రాసేదాకా నేను లేవలేదు. ఈసారి మొత్తం పథకం వాళ్ల అంకెకు సరిపోయింది.

మర్నాడు పంచాయతీలో అది చూపించాక ఆపరేటరు నా దగ్గరకొచ్చాడు.

"లెక్క తేలిపోయింది కదా మావా, ఇంకా అలా సూత్తన్నావేటి?"

"లెక్క సరే అల్లుడూ. మరి కుళాయి ఎందుకు ఆగుతోంది? పద, పైపు వెంట నడుద్దాం."

"నన్నొగ్గీసి పైపుని పట్టుకున్నావా?" అంటూ ముందుకు నడిచాడు.