పాస్‌పోర్టుకు పెట్టిన బొట్టు

నా చిన్నప్పుడు మా బాపు దుబాయిలో మేస్త్రీ పని చేసేవాడు. ఒకరోజు కడుతున్న గోడ మీది నుంచి పడి ఆస్పత్రిలో ఉన్నాడని కబురొచ్చింది. మాట కూడా సరిగ్గా రావడం లేదన్నారు. కోరుట్ల దగ్గర మా ఊళ్లో పసుపు ఉడకబెట్టే కాలం అది. ఇంట్లో పని ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

అక్కడి యజమాని మంచివాడు. ఇంటి నుంచి ఒకరు వచ్చి చూసి పోవడానికి విజిట్ వీసా పంపించాడు. మా ఊరి కుర్రాళ్లందరిలాగే మా చిన్నాయన కూడా ఎప్పటికైనా పనికొస్తుందని పాస్‌పోర్టు తీసి పెట్టుకున్నాడు. బాపును ఆయనే వెంటబెట్టుకుని వస్తాడని అందరం ఆశ పెట్టుకున్నాం. ఆయన బొంబాయి బస్సెక్కాక మాలో ఎవరికీ అన్నం సయించలేదు.

ఈపాటికి బాపు పక్కన కూర్చుని ఉంటాడని మేమనుకుంటుంటే, చిన్నాయన సంచీ భుజాన వేసుకుని మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. నాయనమ్మ చేతిలోని చాట జారి కింద పడింది.

"ఇమానం జూడంగనే కాళ్లు వణికినయే అవ్వా. ఎక్కలేక మర్లచ్చిన" అన్నాడు తల వంచుకుని.

"అన్న ఆడ సావుబతుకుల్ల ఉంటె నీకు భయమైందారా?" అని నాయనమ్మ అక్కడే కూలబడింది. చూడవచ్చిన వాళ్లు మొహాలు తిప్పుకున్నారు. నాకైతే ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. అడిగేద్దామని లోపలి గదిలోకి వెంటపడ్డాను.

ఆయన పాస్‌పోర్టు తెరిచి చూసుకుంటున్నాడు. ఫోటోలో ఆయన నుదుటి మీద ఇంత కుంకుమ బొట్టు, దాని చుట్టూ తడి పసుపు. ఆ తడి కిందికి పాకి, చేతిరాతతో రాసిన పేరు, ఊరు అన్నీ కరిగి కలిసిపోయాయి. ఎవరు పెట్టారో నాకు వేరే చెప్పక్కర్లేదు. సైకిలు తెచ్చినా, నాగలి కొన్నా బొట్టు పెట్టనిదే నాయనమ్మ గడప దాటనిచ్చేది కాదు. బయల్దేరేనాడు ఆ పుస్తకాన్ని దేవుడి దగ్గర పెట్టి, బట్టలో చుట్టి ఆయన చేతికిచ్చింది కూడా ఆమే. ఇంట్లో దాన్ని విప్పి చూసినవాళ్లు లేరు. ముఖం పోల్చలేం, పేరు చదవలేం, ఇది ఏ దేశంలోనూ చెల్లదని బొంబాయిలో ఆపేశారట. కొత్తది చేతికొచ్చేలోపు వీసా గడువు తీరిపోతుంది.

"అవ్వకు చెప్పకు బిడ్డా. పెద్దకొడుకు కాడికి పోకుంట తన చెయ్యే ఆపిందని తెలిస్తె ముసల్ది తట్టుకోది" అన్నాడు.

ఊరంతా ఆయనకు 'ఇమానం' అని పేరు పెట్టింది. టీ కొట్టు దగ్గర పిల్లలు కూడా అలాగే పిలిచేవారు. ఆయన పలికేవాడు.

బాపు బతికి, కర్ర పట్టుకుని ఇంటికొచ్చాడు. తమ్ముణ్ణి చూసి కూడా చూడనట్టు పక్కనుంచి వెళ్లిపోయాడు. నేను నోరు తెరిచాను. నాయనమ్మ వెనకాల నిలబడి చిన్నాయన నాకేసి వద్దన్నట్టు తలూపాడు. ఒకే ఇంట్లో ఉంటూ అన్నదమ్ములు ఏళ్ల తరబడి మాట్లాడుకోలేదు.

నాయనమ్మ పోయి, కర్మలన్నీ అయ్యాక చిన్నాయన ఆ పాస్‌పోర్టు తెచ్చి బాపు చేతిలో పెట్టాడు. బాపు ఆ పేజీని చాలాసేపు చూశాడు.

"ఇన్నేండ్లు గన్ని మాటలెందుకు పడ్డవ్‌రా?" అన్నాడు చివరికి.

"అవ్వ ఉండె గదనే" అన్నాడు చిన్నాయన.

ఇప్పుడు మా మనవరాలు నాకు సింగపూర్ చూపిస్తానని పాస్‌పోర్టు తీయించింది. వీసాకు ఏమేం కావాలో అన్నీ అదే చూసుకుంటోంది. నేను మాత్రం ఈ వయసులో కూడా, ఎవరినైనా పిరికివాడని నలుగురూ నవ్వుతుంటే వాళ్లతో కలిసి నవ్వలేను. ఇతని ఇంట్లో ఎవరున్నారో, ఎవరి కోసం ఊరుకున్నాడో అని ఆ మనిషి మొహంలోకే చూస్తూ ఉండిపోతాను.