సగం నేరానికి సాక్షి

ఉదయం ఏడింటికి బాపట్లలో రైలెక్కాను. అరవైల నాటి మాట. అప్పటికి నేను నల్లకోటు కొత్తగా కుట్టించుకున్న జూనియర్ ప్లీడర్ని. మా కక్షిదారు పోలయ్య చేపలు పట్టి బతికేవాడు. బావమరిదిని తెడ్డుతో కొట్టి చంపాడు. మర్నాడే తెనాలి కోర్టులో సాక్ష్యం. పడవ తిరగబడి కొడుకు పోయినప్పటినుంచీ అతని మతి సరిగా లేదని చెప్పగలిగింది అన్న గంగయ్య ఒక్కడే. ఆయనేమో పోలీసులతో "మావోడికి ఏ పిచ్చీ లేదు, బంగారంలాంటోడు" అని చెప్పి కూర్చున్నాడు. తమ్ముణ్ణి కాపాడుతున్నాననే అనుకున్నాడు పాపం. నిజం చెప్పేలా ఒప్పించి ఆయన్ని కోర్టుకు తీసుకురావడానికే నా ప్రయాణం.

తెనాలిలో దిగి, టిఫిన్ చేసి రేపల్లె బండి ఎక్కాను. ఇడ్లీ చల్లారిపోయింది గాని చట్నీ అదిరింది. ఎదుటి సీట్లో ఒక ధాన్యం వ్యాపారి. నోరూరుకోక ఆయనకు ఇంగ్లండు చట్టం చెప్పడం మొదలుపెట్టాను. మతి కొంత దెబ్బతిన్నవాడు చంపితే అక్కడ దాన్ని హత్య అనరు, ఒక మెట్టు తక్కువ నేరంగా చూస్తారు. మన దగ్గర ఆ మధ్య మెట్టు లేదు. చేస్తున్నదేంటో తెలియనంత పిచ్చి ఉంటే నేరమే లేదు, లేకపోతే హత్యే. పోలయ్య కొట్టాక తెడ్డును ఇసకలో పాతిపెట్టాడు. అంటే తెలిసే చేశాడంటారు. ఇక మాకు మిగిలిందల్లా ఉరి వద్దు, యావజ్జీవం చాలని జడ్జిగారిని వేడుకోవడమే.

"చంపినోడు చంపినోడేనండి. ఇందులో సగం ఏంటండీ?" అన్నాడాయన.

నాకు ఒళ్ళు మండింది. కిటికీవైపు తిరిగి కూర్చున్నాను.

రేపల్లెలో కిక్కిరిసిన బస్సెక్కి సముద్రం ఒడ్డు పల్లె చేరేసరికి మధ్యాహ్నమైంది. గంగయ్య వల బాగుచేసుకుంటున్నాడు. చేపల పులుసుతో అన్నం పెట్టించాకే నన్ను మాట కదపనిచ్చాడు.

"మతి చెడినోణ్ణి మావోళ్ళు పడవెక్కనియ్యరు బాబూ. ఆ మాట నా నోట వస్తే, రేపు తిరిగొచ్చినా వాడికి సముద్రం లేదు."

"చెప్పకపోతే అసలు తిరిగే రాడన్నా."

ఆయన వల పక్కన పెట్టి, చొక్కా తొడుక్కుని నా వెనకే వచ్చాడు. చెబుతాననలేదు, చెప్పననీ అనలేదు.

తిరుగు బస్సు నిండా చేపల గంపలతో ఆ పల్లె ఆడవాళ్ళే. "కోర్టుకా బావా?" అని ఒకామె అడిగింది.

గంగయ్య అందరికీ వినపడేలా అన్నాడు: "మావోడికి మతి బాలేదే. ఏడాదినుంచీ బాలేదు. అది చెప్పడానికే ఎళ్తన్నా."

ఆమె గంప కాస్త జరిపి ఆయనకు చోటిచ్చింది.

రేపల్లె స్టేషన్లో టీ ఇప్పిస్తే తాగలేదు. బండి కదిలాక, "రేపూ ఇలాగే చెప్తే చాలుగా బాబూ?" అని అడిగాడు. చాలన్నాను.

తరవాత పోలయ్యకు ఉరి తప్పింది. ఆ లైన్లో ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు గాని, నాకు గుర్తున్నది ఆ సాయంత్రమే. తమ్ముడి ప్రాణం కోసం తమ్ముడి సముద్రాన్ని తన నోటితోనే తీసేసిన మనిషి, తెనాలి దాకా నా పక్కనే కూర్చుని వచ్చాడు.