గోదావరిలో నిలబడ్డ బావి

మొన్న వెల్గటూర్ దగ్గర గోదావరి నడుమ పేరుకున్న ఇసుకమేటను యంత్రాలు తవ్వి, ప్రవాహాన్ని పాత దారికి మళ్లిస్తుంటే చూస్తూ నిలబడ్డాను. తెగిన గట్టుకు రాళ్లు పేర్చి పోయినేడాది నాటిన వట్టివేరు గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఆ గడ్డి అంచున నిటారుగా కనబడిన సిమెంటు రింగుల బావి, ఎన్నో ఏళ్ల కింద మా అక్క మొగుడు దుబాయి నుంచి వచ్చిన పొద్దుటికి నన్ను లాక్కుపోయింది.

అక్కడ ఎండలో ఇటుకలు మోసిన కష్టంతో బావ ఇక్కడ ఒడ్డు చేనులో తవ్వించిన బావి అది. తిరిగొచ్చి పసుపు పంట వేసుకుని, ఇక ఎక్కడికీ పోకూడదని ఆయన ఆశ. ఆయన ఇంకా అక్కడుండగానే, ఆ వానాకాలం ఇసుకమేట నీళ్లను మా వైపు తోసింది. గోదావరి చేనును కోసుకుపోయింది. పరాయి దేశంలో ఒంటరివాడు ఏమైపోతాడోనని అక్క ఫోనులో చెప్పలేదు. "దుకాణంల పుచ్చు పప్పును గూడ పొగిడి అమ్ముతవ్ గద తమ్మీ, గీ ముచ్చట నువ్వే చెప్పు" అని నన్ను జగిత్యాల బస్టాండుకు తోలింది.

కోరుట్లలో కిరాణా గల్లా పక్కన పెరిగిన నాకు తెలిసిన విద్య ఒక్కటే: తక్కువలో మొదలుపెట్టి మెల్లగా పెంచడం. ఆటో కదలగానే "బావా, గట్టు జెర తెగింది" అన్నాను. కొంత దూరం పోయాక "చేను మూల గూడ పోయింది" అన్నాను. వెల్గటూర్ వచ్చేసరికి సగం చేను దాకా పెంచాను. చేనంతా పోయిందని మాత్రం చెప్పలేదు.

"బావి ఉన్నదా బామ్మర్దీ?"

"ఉన్నది బావా. చెక్కు చెదరలే."

అబద్ధం కాదు. నా జన్మలో అంత నిఖార్సయిన సరుకు అమ్మలేదు.

"మరి గా ఏడుపు మొకమేంది? బావి ఉంటే సగం చేనైనా సాలు" అని నవ్వి, ఆటో దిగి, పెట్టె నాకొదిలి ముందే నడిచాడు.

బాట గాలిలో తెగిపోయింది. కింద నీళ్లు. ఆ నీళ్లలో, చుట్టూ ఉన్న మట్టంతా కరిగిపోయి, బావి ఒక్కటే ఇటుక బట్టీ పొగగొట్టంలా నిటారుగా నిలబడి ఉంది. భూమి కడుపులో ఉండాల్సింది ఆకాశంలోకి లేచింది. ముందే చూసినవాణ్నే, అయినా పెట్టె కింద పెట్టి మళ్లీ చూశాను. బావ దాన్ని కింది నుంచి పైదాకా చూశాడు. చివరికి, "నా బావి ఇంత పొడుగున్నదారా?" అన్నాడు.

నెల తిరక్కముందే మళ్లీ విమానమెక్కాడు. ఇప్పటికీ ఫోను చేస్తే అడిగేది అదే: "బావి ఉన్నదా?" మొన్న గట్టు మీద నుంచే, పెంచకుండా తగ్గించకుండా చెప్పాను: "కింది రింగు మట్టిల మునిగింది బావా. గడ్డి ఒండ్రును ఆపుతున్నది."  ఒక్క వానాకాలంలో తీసుకున్న నేలను గోదావరి ఇన్నేళ్లకు ఒక్క రింగు ఎత్తు తిరిగిచ్చింది. పైన మిగిలిన రింగులను లెక్కపెట్టబోయి, మా ఇద్దరి వయసూ గుర్తొచ్చి ఆగిపోయాను.